మాడిఫై చేసిన టర్బో ఎవో అమ్మాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

నా కారు 2006 మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ 9, అంటే ఎవో 9. పదకొండేళ్లు నా దగ్గరే ఉంది, 2025 వేసవిలో అమ్మాను. మేముండేది డాలస్‌కి ఉత్తరాన, కాలిన్ కౌంటీలో. అమ్మకానికి పెట్టిన రోజు నుంచి ఇప్పటిదాకా మన తెలుగు కుర్రాళ్లు, ఆఫీసులో తెలిసినవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు ఫోన్ చేసి దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పే బదులు ఒకచోట రాసిపెడుతున్నా. సుప్రా, ఎస్టీఐ, ఆర్ఎక్స్-7 లాంటి టర్బో బండ్లు ఉన్నవాళ్లకి కూడా ఇందులో ఎక్కువ భాగం పనికొస్తుంది. ఇంజిన్ సంగతులు మాత్రం ఎవోవే.

పార్టుల మీద పెట్టిన డబ్బు తిరిగి వస్తుందా అన్నా?

రాదు. అందరూ అడిగే మొదటి ప్రశ్న ఇదే, ఎవరికీ నచ్చని జవాబూ ఇదే.

నా లెక్క చెప్తాను. 2014లో 58,000 మైళ్ల మీద ఉన్నప్పుడు 21,500 డాలర్లకి కొన్నాను. ఆ తర్వాత పెద్ద టర్బో, ఇంజెక్టర్లు, పెట్రోల్ పంపు, క్యామ్‌లు, క్లచ్, సస్పెన్షన్, ఇంజిన్ రీబిల్డ్, ట్యూనింగ్, వీటన్నిటికీ కూలీతో కలిపి 19,000 పైనే అయింది, రశీదులు దాచుకున్నాను కాబట్టి ఇది గాలి లెక్క కాదు. అమ్మింది 26,500కి. కొన్న ధర కంటే ఐదు వేలు ఎక్కువ వచ్చింది కదా అంటారు. ఆ ఐదు వేలు నా టర్బో వల్ల వచ్చినవి కావు. ఇనుప బ్లాక్ ఉన్న 4జీ63 ఇంజిన్‌తో అమెరికాలో అమ్మిన ఎవోల్లో 2006 మోడలే చివరిది, 2008లో వచ్చిన ఎవో 10లో అల్యూమినియం ఇంజిన్ పెట్టారు, 2015తో ఆ బండి కూడా ఆగిపోయింది. దొరకడం తగ్గిన కొద్దీ మంచి ఎవో 9ల ధర పెరిగింది. అందులోనూ బాగా పెరిగింది ఎవరూ ముట్టుకోని, ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉన్న బండ్లకి. నా బండి ముట్టుకోకుండా ఉంచి ఉంటే ఇంకా ఎక్కువే వచ్చేది.

కాబట్టి ఆ 19,000 నేను పదకొండేళ్లు అనుభవించిన దానికి ఖర్చు. అలా ఒప్పుకున్నాకే నాకు మనసు తేలికై సరైన ధర రాయగలిగాను. అంతకుముందు నెలన్నర 33,000 అని పెట్టుకుని కూర్చున్నాను, సీరియస్‌గా చూడటానికి ఒక్కరు కూడా రాలేదు.

మరి ధర ఎలా పెట్టాలి?

అడుగుతున్న ధరలు చూడకండి, అమ్ముడైన ధరలు చూడండి. వేలం సైట్లలో పాత వేలాలన్నీ తెరిచే ఉంటాయి, ఏ బండి ఎంతకి పోయిందో, ఎంత దగ్గర ఆగిపోయిందో కనిపిస్తుంది. మీ బండికి దగ్గరగా ఉన్నవి ఐదారు తీసుకోండి, అదే మోడల్, దగ్గరి మైళ్లు, క్లీన్ టైటిల్ (పెద్ద ప్రమాదంలో పోయినట్టు ముద్ర లేని యాజమాన్య పత్రం). అందులో మాడిఫై చేసినవి ఎంతకి పోయాయో విడిగా చూడండి. స్టాక్ బండికీ, అంటే ఏమీ మార్చని బండికీ, దానికీ తేడా చూస్తే కడుపులో తిప్పుతుంది, అయినా చూడండి.

ఒక్క మాట మాత్రం నా అనుభవం మీద గట్టిగా చెప్తాను. బండికి విలువ పెంచేవి గుర్రపు శక్తి పార్టులు కావు. టైమింగ్ బెల్ట్ 60,000 మైళ్లకి మార్చినట్టు రశీదు, తుప్పు లేని అడుగు భాగం, రంగు మారని ఒరిజినల్ పెయింట్, చిరగని రెకారో సీట్లు, ఒకే ట్యూనర్ దగ్గర ఏళ్ల తరబడి చేసిన పని, వీటికి డబ్బిస్తారు. కొన్నతను నా పెద్ద టర్బో గురించి రెండు ప్రశ్నలు అడిగి, బెల్ట్ గురించి ఇరవై నిమిషాలు అడిగాడు. అతను చేసింది కరెక్టే. ఈ ఇంజిన్‌లో బ్యాలెన్స్ షాఫ్ట్‌కి వేరే చిన్న బెల్ట్ ఉంటుంది, అది తెగి టైమింగ్ బెల్ట్‌లో పడిందంటే వాల్వ్‌లు పిస్టన్లకి తగిలి హెడ్ మొత్తం పోతుంది.

తిరిగి స్టాక్ చేసి అమ్మాలా, ఉన్నది ఉన్నట్టు అమ్మాలా, విప్పి పార్టులుగా అమ్మాలా?

మూడింటి గురించీ ఆలోచించాను, ఒక దశలో పార్టులుగా అమ్మేద్దామని లిస్టు కూడా రాసుకున్నాను.

పార్టులుగా విప్పితే కాగితం మీద ఎక్కువ డబ్బు కనిపిస్తుంది. నిజంగా వస్తుంది కూడా, కానీ ఎప్పుడు, ఎంత కష్టానికి? ప్రతి పార్టుకీ ఫొటోలు, బేరాలు, ప్యాకింగ్, కొరియర్, "బోల్ట్ హోల్ అరిగిపోయింది, సగం డబ్బు వెనక్కివ్వు" అనే మనుషులు. ఇంట్లో చిన్నపిల్లలు, గ్యారేజీలో జాకీ స్టాండ్ల మీద సగం విప్పిన కారు, ఆరు నెలలు. చివరికి మిగిలిన బాడీని ఎవరికి ఇవ్వాలి? ప్రమాదంలో నుజ్జయిన బండి అయితే విప్పండి, న్యాయమే. బాగా నడుస్తున్న ఎవో 9ని విప్పడం నాకు మనసొప్పలేదు. అవి ఇక తయారు కావు.

పూర్తిగా స్టాక్ చేయడానికి ఒరిజినల్ పార్టులన్నీ మీ దగ్గర ఉండాలి. ఎగ్జాస్ట్, ఎయిర్ బాక్స్, కాయిల్ స్ప్రింగ్‌లు, సీట్లు, స్టీరింగ్, ఇలా బోల్ట్‌తో ఊడి బోల్ట్‌తో బిగిసేవి వెనక్కి మార్చడం లాభమే, మార్చిన పార్టులు విడిగా అమ్ముకోవచ్చు. ఇంజిన్ లోపలికి వెళ్లిన పనిని వెనక్కి తిప్పడం దండగ. ఫోర్జ్డ్ పిస్టన్లు తీసి మామూలువి వేసే మనిషి ఉండడు.

నేను మధ్య దారి పట్టాను. ఇంజిన్, టర్బో, ట్యూన్ అలాగే ఉంచాను. బయటికి కనిపించేవి, చప్పుడు చేసేవి వెనక్కి మార్చాను. నా దగ్గరున్న ఒరిజినల్ టర్బో, మ్యానిఫోల్డ్, ఇంజెక్టర్లు, ఇంటర్‌కూలర్ పైపులు పెట్టెల్లో పెట్టి, ప్రతి పెట్టె మీద పేరు రాసి, బండితో పాటే ఇస్తానని చెప్పాను. ఆ పెట్టెల ఫొటో ఒక్కటి పెట్టాక వచ్చే ఫోన్ల తీరే మారిపోయింది. రేపు కావాలంటే వెనక్కి తిప్పుకోవచ్చు అన్న ధైర్యం కొనేవాడికి దొరికింది. మీరు ఇప్పుడే మాడిఫై చేయడం మొదలుపెడుతుంటే విప్పిన ఏ ఒరిజినల్ పార్టూ అమ్మకండి, అటక మీద ఎక్కించండి.

ప్రకటనలో ఏం రాయాలి? ఇంజిన్ ఒకసారి పోయిందని కూడా రాయాలా?

రాయాలి. పైనే రాయాలి.

2018లో నా బండి మూడో సిలిండర్‌లో పిస్టన్ రింగ్ ల్యాండ్, అంటే పిస్టన్‌లో రింగులు కూర్చునే గాడి అంచు, విరిగింది. అప్పటి ట్యూనింగ్ షాపు బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) పెంచింది, ఇంజెక్టర్లు ఆ గాలికి సరిపడా పెట్రోల్ ఇవ్వలేకపోయాయి, మిశ్రమం పల్చబడి నాక్ (సిలిండర్‌లో పెట్రోల్ అదుపు తప్పి పేలడం) మొదలైంది, నేను గేజ్ చూడటం ఆలస్యమైంది. పొగ, నూనె వాసన, హైవే పక్కన రాత్రి పదకొండున్నరకి టో ట్రక్కు కోసం ఎదురుచూపు. తర్వాత వేరే మెకానిక్ దగ్గర బ్లాక్ బోర్ చేయించి ఫోర్జ్డ్ పిస్టన్లు, కొత్త రాడ్లు, హెడ్ స్టడ్లు వేయించాను. అమ్మేనాటికి ఆ రీబిల్డ్ మీద 38,000 మైళ్లు తిరిగింది.

ఇదంతా ప్రకటనలో రెండో పేరాలో రాశాను, తేదీ, మైళ్లు, మెషిన్ షాపు కొలతల కాగితం ఫొటోతో సహా. నా స్నేహితుడు "ఎందుకురా, అడిగితే చెప్పు చాలు" అన్నాడు. అది చదివి కొంతమంది పోయారు, నిజమే. ఉన్నవాళ్లు మాత్రం తెలుసుకునే వచ్చారు, వచ్చాక చూసి బెదిరి ధర సగం చేయమన్నవాళ్లు ఎవరూ లేరు. మాడిఫై చేసిన బండి కొనేవాడికి అసలు భయం బండిలో ఏముందో తెలియకపోవడమే. ఏ పార్టు ఎవరు వేశారు, ఎప్పుడు వేశారు, ఏ బోల్ట్ అరిగిపోయి హెలికాయిల్ వేశారు, ఏ వైరు కోసి అతికించారు, అది చెప్పగలిగినవాళ్లు మీరొక్కరే. అందుకే పదకొండేళ్ల పనీ వరుసగా ఒక షీట్‌లో రాసి ప్రింట్ తీసి బండిలోనే పెట్టాను. నేను అమ్మింది కారుతో పాటు ఆ కాగితాన్ని కూడా అనుకుంటాను.

ఇంకా రాయాల్సినవి: ఎడమ వెనక తలుపు మీద నొక్కు, ట్రాన్స్‌ఫర్ కేస్ దగ్గర నూనె తేమ, రెండో గేర్ చలిలో కొంచెం మొండికేయడం. నొక్కుకి దగ్గరగా ఫొటో తీసి పెట్టండి. "ఎవరూ రేసులో వాడలేదు" లాంటి మాట నిజం కాకపోతే రాయకండి. నేను ఏడెనిమిది సార్లు ట్రాక్‌కి తీసుకెళ్లాను, అదీ రాశాను, ప్రతిసారీ తర్వాత నూనె, బ్రేక్ ఫ్లూయిడ్ మార్చినట్టు కూడా.

కంప్రెషన్ టెస్ట్ నంబర్ ఎంత ఉండాలి?

ఈ టెస్ట్ ప్రతి సిలిండర్‌లో ఎంత ఒత్తిడి పుడుతోందో కొలుస్తుంది. నంబర్ కంటే నాలుగు సిలిండర్లూ దగ్గరదగ్గరగా ఉండటం ముఖ్యం. పది శాతంలోపు తేడా అయితే నిశ్చింత. క్యామ్‌లు మార్చిన ఇంజిన్‌లో, పిస్టన్లు మార్చిన ఇంజిన్‌లో నంబర్ స్టాక్ కంటే తక్కువ రావచ్చు, గేజ్‌ని బట్టి కూడా మారుతుంది. అందుకే దాంతో పాటు లీక్‌డౌన్ టెస్ట్ చేయించండి, గాలి ఎక్కడి నుంచి పోతోందో అది చెప్తుంది. కంప్రెషన్ టెస్ట్ ఇంజిన్ వేడి మీద, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, బ్యాటరీ పూర్తి ఛార్జ్‌తో చేయాలి. నేను ముందే చేయించి కాగితం పెట్టాను, కొనేవాడు మళ్లీ తన మెకానిక్‌తో చేయించుకుంటానంటే సంతోషంగా పంపించాను. ఆ ఖర్చు కొనేవాడిది.

క్రాంక్ వాక్ ఉందా అని అడుగుతున్నారు, ఏం చెప్పాలి?

క్రాంక్ వాక్ అంటే ఇంజిన్‌లో క్రాంక్‌షాఫ్ట్ ముందుకీ వెనక్కీ జరగడం. ఆ పేరు 90ల నాటి రెండో తరం మిత్సుబిషి ఎక్లిప్స్ వల్ల ఈ ఇంజిన్ కుటుంబానికి అంటుకుంది. ఐడిల్‌లో క్లచ్ తొక్కి చూపించండి. ఆర్‌పీఎం పడిపోకుండా, చప్పుడు మారకుండా ఉంటే వాళ్లకి చాలు.

డైనో షీట్ చూపిస్తే సరిపోతుందా?

డైనో అంటే బండి శక్తి కొలిచే యంత్రం. ఏ డైనో, ఏ పెట్రోల్, ఏ బూస్ట్, ఈ మూడూ లేకపోతే ఆ షీట్‌కి విలువ లేదు. డైనోజెట్ మీద వచ్చిన అంకె, మస్టాంగ్ డైనో మీద అదే కారుకి వచ్చే అంకె ఒకటి కావు, మస్టాంగ్ తక్కువ చూపిస్తుంది. నా బండి డైనోజెట్ మీద చక్రాల దగ్గర 93 ఆక్టేన్‌తో (ఆక్టేన్ అంటే పెట్రోల్ నాక్‌ని తట్టుకునే గుణం) 412 గుర్రపు శక్తి, ఈ85తో (ఇథనాల్ ఎక్కువ కలిపిన పెట్రోల్) 487 ఇచ్చింది. ప్రకటనలో రెండూ రాశాను, పెద్దది మాత్రమే రాసి ఊరుకోలేదు.

పెట్రోల్ సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఇందులో బండ్లు పాడవుతాయి కాబట్టి. టెక్సస్‌లో బంకులో 93 ఆక్టేన్ దొరుకుతుంది. కాలిఫోర్నియాలో మామూలుగా దొరికేది 91. 93కి ట్యూన్ చేసిన బండిని 91 పోసి పూర్తి బూస్ట్‌తో తొక్కితే నాక్ వస్తుంది, అంటే నా మూడో పిస్టన్‌కి పట్టిన గతే. అలాగే ఈ85 అని బంకు మీద రాసి ఉన్నంత మాత్రాన అందులో ఇథనాల్ 85 శాతం ఉండదు, ఊరిని బట్టి, కాలాన్ని బట్టి 51 నుంచి 83 శాతం మధ్య ఎంతైనా ఉండొచ్చు. ఇథనాల్ ఎంతుందో కొలిచే ఫ్లెక్స్ ఫ్యూయల్ సెన్సర్ ఉంటే ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) చూసుకుంటుంది. నా బండిలో లేదు, రెండు వేరు వేరు మ్యాపులున్నాయి. ఇది కొనేవాడికి నోటితో చెప్పాను, కాగితం మీద రాసిచ్చాను, పెట్రోల్ మూత లోపల స్టిక్కర్ కూడా అతికించాను.

ట్యూన్ ఫైల్, ట్యూనర్ నంబర్ ఇవ్వాలా?

ఇవ్వండి. ఎవో 9 ఒరిజినల్ ఈసీయూని ఈసీయూఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్‌తో చదివి రాయొచ్చు, ఇది ఈ బండికి ఉన్న పెద్ద వరం. ట్యూనర్ ఫైల్‌కి తాళం వేసి ఉంటే ముందే ఆయనతో మాట్లాడి, కొత్త యజమానికి సపోర్ట్ ఇస్తారో లేదో కనుక్కుని అదే రాయండి. తాళం వేసిన ఈసీయూ ఉండి, ట్యూనర్ ఎవరో తెలియని బండిని నేనైతే కొనను. ఫ్యాక్టరీ ఫైల్ కాపీ మీ దగ్గర ఉంటే అది కూడా పెన్‌డ్రైవ్‌లో వేసి ఇవ్వండి.

క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేసి ఉంది. అలాగే అమ్మొచ్చా?

తిరిగి పెట్టించి అమ్మండి. రోడ్డు మీద తిరిగే కారు నుంచి కాలుష్య నియంత్రణ పరికరాలు తీసేయడాన్ని ఫెడరల్ క్లీన్ ఎయిర్ యాక్ట్ ఒప్పుకోదు, దాని బదులు పెట్టిన పైపు మీద "ఆఫ్ రోడ్ మాత్రమే" అని రాసి ఉన్నా రోడ్డు బండికి అది రక్షణ కాదు.

టెక్సస్‌లో 2025 జనవరి 1 నుంచి మామూలు కార్లకి సేఫ్టీ తనిఖీ తీసేశారు, అది విని చాలామంది అసలు తనిఖీలే లేవనుకుంటున్నారు. డాలస్, టారెంట్, కాలిన్, డెంటన్ లాంటి కౌంటీల్లో ఎమిషన్స్ పరీక్ష అలాగే ఉంది. రెండేళ్ల నుంచి ఇరవై నాలుగేళ్ల వయసున్న పెట్రోల్ బండ్లన్నీ చేయించాలి. 2006 బండి అందులోకే వస్తుంది. పరీక్షకి ముందు బ్యాటరీ తీసి పెట్టి కోడ్‌లు చెరిపేస్తే లాభం లేదు, మానిటర్లు (బండి కంప్యూటర్ తనంతట తాను చేసుకునే పరీక్షలు) రెడీ కాలేదని వెనక్కి పంపిస్తారు. 2001 తర్వాతి బండికి ఒక్క మానిటర్ మాత్రమే పెండింగ్‌లో ఉండొచ్చు. నేను కన్వర్టర్ పెట్టించి, ట్యూన్ సరిచేయించి, వారం రోజులు మామూలుగా ఆఫీసుకి నడిపి పరీక్ష పాస్ చేయించాను. ఆ రిపోర్ట్ చేతిలో ఉండటం వల్ల ఇక్కడివాళ్లు కొనడానికి ముందుకొచ్చారు. కాలిఫోర్నియా నుంచి అడిగినవాళ్లకి మాత్రం మొదటి ఫోన్‌లోనే చెప్పాను, నా టర్బోకి అక్కడ కావాల్సిన అనుమతి నంబర్ లేదు, స్మాగ్ తనిఖీలో చూడగానే ఆపేస్తారని.

ఎక్కడ పెట్టాలి?

ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో పెడితే "ఇంకా ఉందా" అనే మెసేజ్‌లు వందలొస్తాయి, నాలుగు రోజుల్లో ఓపిక పోతుంది. ఎవో యజమానుల గుంపుల్లో పెడితే తెలిసినవాళ్లే వస్తారు, ప్రశ్నలు పదునుగా ఉంటాయి, బేరం గట్టిగా ఆడతారు. వేలం సైట్లు, అంటే బ్రింగ్ ఎ ట్రెయిలర్, కార్స్ అండ్ బిడ్స్ లాంటివి, ఫొటోలు బాగా తీసి రోజూ వ్యాఖ్యలకి జవాబు చెప్పే ఓపిక ఉంటే మంచివి, కానీ అక్కడ స్టాక్ బండ్లకున్న గిరాకీ మాడిఫై చేసినవాటికి ఉండదు. నా బండి యజమానుల గుంపులోనే పోయింది. డీలర్ దగ్గరికి తీసుకెళ్తే మీ పనిని పార్టుగా కాదు, రిస్క్‌గా లెక్కేస్తాడు.

ఫొటోల్లో ఇంటి నంబర్ కనపడనివ్వకండి. ఈ బండ్ల మీద దొంగల కన్ను ఉంటుంది.

టెస్ట్ డ్రైవ్ ఇవ్వాలా?

ఇవ్వాలి, కానీ వరుసగా. ముందు చూడటానికి వచ్చినవాడి డ్రైవింగ్ లైసెన్స్, ఇన్సూరెన్స్ ఫొటో తీసుకోండి. మీ ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి వేరేవాళ్లు నడిపితే కవర్ ఉంటుందో లేదో ముందే కనుక్కోండి. మొదటి పది పదిహేను నిమిషాలు మీరే నడపండి, అతన్ని పక్కన కూర్చోబెట్టండి. బండి చల్లగా ఉన్నప్పుడే రమ్మనండి, అతని ముందే స్టార్ట్ చేయండి, నూనె వేడెక్కేదాకా బూస్ట్ లేకుండా ఎలా నడపాలో చూపించండి. కొనేవాళ్లలో తెలిసినవాడు వచ్చీరాగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూస్తాడు, ముందే వేడి చేసి ఉంచారేమోనని.

అప్పుడు అతనికి ఇవ్వండి. అంత శక్తి ఉన్న మాన్యువల్ బండి ఇంతకుముందు నడపని మనిషి అనిపిస్తే మొహమాటపడకుండా వద్దని చెప్పండి. ఒకతను వచ్చి లాంచ్ కంట్రోల్ చూపించు, ఎగ్జాస్ట్‌లో మంటలు వస్తాయా అని అడిగాడు. కొన్నాక మీ ఇష్టం, నా చేతిలో ఉండగా చేయను అన్నాను. అతను వెళ్లిపోయాడు, నాకు ఏ బాధా లేదు.

డబ్బు ఎలా తీసుకోవాలి?

ఈ విషయంలో అస్సలు తొందరపడకండి. క్యాషియర్ చెక్ (బ్యాంకే రాసిచ్చే చెక్) నకిలీది కావచ్చు, మీ ఖాతాలో డబ్బు కనిపించినా చాలా రోజుల తర్వాత అది నకిలీ అని తేలితే బ్యాంకు వెనక్కి లాక్కుంటుంది, బండి అప్పటికే వేరే రాష్ట్రంలో ఉంటుంది. మంచి పద్ధతి ఏంటంటే, కొనేవాడి బ్యాంకుకి పని వేళల్లో ఇద్దరూ కలిసి వెళ్లడం, అక్కడి క్యాషియర్ మీ కళ్ల ముందు చెక్ రాయడం లేదా మీ ఖాతాకి వైర్ చేయడం. నేను వైర్ తీసుకున్నాను, నా బ్యాంకుకి ఫోన్ చేసి చేరిందని విన్నాకే టైటిల్ మీద సంతకం పెట్టాను. ముందు 500 డాలర్లు టోకెన్ తీసుకుని, బండి తనిఖీలో పాస్ కాకపోతే వెనక్కిస్తానని మెసేజ్‌లో రాసిచ్చాను.

నగదు ఇస్తే, పది వేల డాలర్లు దాటితే బ్యాంకు ప్రభుత్వానికి ఒక రిపోర్ట్ పంపుతుంది. అది మామూలే, భయపడాల్సింది లేదు. ఆ రిపోర్ట్ తప్పించుకోవడానికి కొంచెం కొంచెంగా విడదీసి జమ చేస్తే మాత్రం అది నేరం. వీసా మీద ఉన్నవాళ్లు ముఖ్యంగా గుర్తుపెట్టుకోండి.

టెక్సస్‌లో కాగితాల పని ఏంటి?

టైటిల్ వెనక సంతకం, తేదీ, ధర. 130-యూ ఫారం (టైటిల్ కోసం పెట్టే దరఖాస్తు) మీద ఇద్దరి సంతకాలు. నంబర్ ప్లేట్లు, అద్దం మీద రిజిస్ట్రేషన్ స్టిక్కర్ తీసేసుకోవాలి, అవి బండితో పోవు. తర్వాత టీఎక్స్‌డీఎంవీ (టెక్సస్ మోటారు వాహనాల శాఖ) సైట్‌లో వెహికల్ ట్రాన్స్‌ఫర్ నోటిఫికేషన్, అంటే బండి అమ్మేశానన్న సమాచారం, పెట్టాలి, ముప్పై రోజులు గడువుంది కానీ అదే రోజు పెట్టండి, లేకపోతే కొన్నవాడు టోల్ కట్టకపోయినా బిల్లు మీ ఇంటికి వస్తుంది. అన్నిటికంటే మేలు, ఇద్దరూ కలిసి కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకి వెళ్లి అక్కడే బదిలీ పూర్తి చేయడం. మేము అలాగే చేశాం, పని గంటలోపే అయిపోయింది.

"టైటిల్ మీద ధర తక్కువ రాద్దాం అన్నా, ట్యాక్స్ మిగులుతుంది" అని అడిగేవాళ్లు ఉంటారు. ఒప్పుకోకండి. 6.25 శాతం ట్యాక్స్ కట్టేది అతను, అబద్ధం మీద సంతకం పెట్టేది మీరు. పైగా మరీ తక్కువ రాసినా రాష్ట్రం తన లెక్క ప్రకారం బండి విలువలో 80 శాతం మీద ట్యాక్స్ వేస్తుంది.

అమ్మకం రశీదులో "యాజ్ ఈజ్" (ఉన్నది ఉన్నట్టు) అని, మాడిఫికేషన్ల జాబితా కొనేవాడు చదివాడని రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. తెలిసి దాచిన లోపం విషయంలో మాత్రం ఆ రెండు మాటలు మిమ్మల్ని కాపాడవు.

లోన్ ఇంకా ఉంటే?

టైటిల్ లెండర్ దగ్గర ఉంటుంది. ఎంత కడితే తీరుతుందో రాతపూర్వకంగా తెప్పించుకుని, ప్రకటన పెట్టకముందే తీర్చేయగలిగితే తీర్చేయండి. ఇలాంటి బండి కొనేవాడు టైటిల్ కోసం వారాల తరబడి ఎదురుచూడడు.

ఎమ్మెస్ చదువుతున్న మన తమ్ముడే అడుగుతున్నాడు. తక్కువకి ఇచ్చేయనా?

నన్నూ ఒకబ్బాయి అడిగాడు, నెల్లూరు అబ్బాయి, ఇర్వింగ్‌లో ఉంటాడు, ఓపీటీ (చదువయ్యాక కొంతకాలం పనిచేయడానికి ఇచ్చే అనుమతి) మీద మొదటి ఉద్యోగం. ఎవో గురించి నాకంటే ఎక్కువ చదివాడు, బండి చూడగానే కళ్లు మెరిశాయి, మూడు గంటలు గ్యారేజీలో కూర్చున్నాడు, మా ఆవిడ భోజనం పెట్టింది. క్రెడిట్ కార్డు, పర్సనల్ లోన్ కలిపి కొంటానన్నాడు. ఇన్సూరెన్స్ ఎంతవుతుందో కోట్ తీశావా తమ్ముడూ అంటే తీయలేదన్నాడు. అక్కడే కూర్చుని తీయించాను. వచ్చిన అంకె అతని ఇంటి అద్దెకి దగ్గరగా ఉంది.

నేను ఇవ్వలేదు. ఇలాంటి బండికి కొన్న ధర కాకుండా చేతిలో కనీసం నాలుగైదు వేలు విడిగా ఉండాలి, క్లచ్ పోతుంది, టర్బో మ్యానిఫోల్డ్ పగులుతుంది, రోజూ ఆఫీసుకి వెళ్లడానికి ఇంకో బండి కావాలి. అతని దగ్గర ఆ రెండూ లేవు. బాధపడ్డాడు, నాకూ బాధేసింది. ఇప్పుడు మామూలు కరోలా నడుపుతున్నాడు, శనివారాలు నాతో పాటు బండ్లు చూడటానికి వస్తాడు. మీకు అలాంటి తమ్ముడు ఎదురైతే ధర తగ్గించకండి, లెక్క చూపించండి.

అమ్మే బదులు హైదరాబాద్ పంపించుకోవచ్చా?

లేదు. పాత కారు ఇండియాకి దిగుమతి చేయాలంటే తయారై మూడేళ్లు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. అమెరికా ఎవో 9 రెండింట్లోనూ తప్పుతుంది, ఇక సుంకం సంగతి అడగనే వద్దు. మన దగ్గర లాన్సర్, సెడియా నడిపినవాళ్లకి ఈ బండి మీద ఉండే ప్రేమ నాకు తెలుసు, మా బాబాయి లాన్సర్‌లో ముందు సీట్లో కూర్చునే నాకు ఈ పిచ్చి మొదలైంది. అక్కడ మాడిఫై చేసిన బండి అమ్మేవాళ్లకి ఒక్క హెచ్చరిక: ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంజిన్ మార్చి ఆర్‌సీలో ఎక్కించని బండిని ఆర్టీఏ దగ్గర బదిలీ చేసేటప్పుడు ఇరుక్కునేది ఇద్దరూ.

అమ్మాక సమస్య వచ్చి ఫోన్ చేస్తే?

ఎత్తండి. డబ్బు వెనక్కివ్వాల్సిన పని లేదు, కానీ మీకు తెలిసింది చెప్పండి. నా దగ్గర కొన్నతను ఐదో వారంలో ఫోన్ చేశాడు, బూస్ట్ 24 పీఎస్ఐ ఉండాల్సింది 17 దగ్గర ఆగిపోతోంది, టర్బో పోయిందేమో అని కంగారుగా. ఇంటర్‌కూలర్ దాటాక థ్రాటిల్ వైపు రెండో రబ్బరు కప్లర్ చూడండి, దాని క్లాంప్ ఎండాకాలంలో వదులవుతుంది, జాబితాలో పద్నాలుగో లైనులో రాశాను అన్నాను. అరగంటకి చేతికి గ్రీజుతో ఒక ఫొటో పంపాడు, క్లాంప్ సగం జారి ఉంది.